బొగ్గుకి దీర్ఘం

ఇనుముకి పుట్టిన ఊరంటూ ఉండదని సన్యాసమ్మ నమ్మకం. ముప్పై ఏళ్ళు పాత ఇనుము కొని అమ్మిన మనిషి నమ్మకం అది. ఓడ లంగరు కరిగి తలుపు గడియ అవుతుంది. గడియ అరిగి మేకవుతుంది. మేకు తుప్పుపట్టి మళ్ళీ ఆమె కొట్టు ముందుకే వస్తుంది. ఎక్కడిదని అడిగేవాడు వ్యాపారి కాడు, పోలీసు.

అలాంటి మనిషి దగ్గరకు 1988 ఆగస్టు నెలాఖరున ఊ సోయ్ విన్ వచ్చి, “మన పేటలో పుట్టిన ఇనుముకి సర్కారు చట్టం తగలదు” అంటే ఆమె నవ్వక ఏం చేస్తుంది?

ఆ నెలలో యాంగోన్‌లో సర్కారు కంటికి కనపడటం మానేసింది. మిల్లులు మూతపడ్డాయి. పోలీసు ఠాణాలకు తాళాలు పడ్డాయి, జైళ్ళకు మాత్రం తాళాలు ఊడాయి. పగలంతా ఊరేగింపులు, ఊరేగింపు తోక పట్టుకుని దొంగలు. ఏ పేటకాపేట వెదురు కంచె కట్టి, కమిటీ పెట్టుకుని, వంతులు వేసుకుని కాపలా కాస్తోంది. బోటాటౌంగ్‌లో పాత రేవు గిడ్డంగుల వెనక వీళ్ళ వీధిలో నలభై మూడు ఇళ్ళు. ఆ కమిటీకి పెద్ద ఊ సోయ్ విన్. ప్లీడరు దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి మానుకున్నాడు. మనిషి సన్నం, కళ్ళద్దాలు మందం, మాట తిన్నన.

“ఏటి ఊ సోయ్ విన్, ఇనుముకి జాతకం రాసీనారేటి?” అంది సన్యాసమ్మ. ఆమెను డా సాన్ అని పిలిచే వీధివాళ్ళంతా, ఆమె బర్మా మాట్లాడినా అందులో గంజాం యాసే వినిపిస్తుందని వెక్కిరిస్తారు.

“నవ్వకు డా సాన్. ఆయుధాల చట్టం దేనికి? బయటి నుంచి తెచ్చినదానికి, ఒకచోట కొని మరోచోట అమ్మినదానికి. మనం తేవడం లేదు, అమ్మడం లేదు. మన పేట ఇనుము, మన పేట చేయి, మన పేట కంచె లోపలే కాపలా. కంచె దాటితే అది తుపాకీ. దాటనంతవరకు చేపలు కోసే కత్తి లాంటిది. ప్రకటన రాసి గోడకి అంటించాను కూడా.”

“మరి సైన్యం కంచె దాటి లోనికొస్తేనో?”

“అప్పుడు వాళ్ళే మన చట్టంలోకి వచ్చినట్టు.”

సన్యాసమ్మ ఆయన ముఖంలోకి చూసింది. నిజంగానే నమ్ముతున్నాడు. మాటలో మెరుగుంది, సరుకులో బిగువు లేదు అనుకుంది. ఆమె లెక్కలో చట్టం తరాజు లాంటిది. ముల్లు ఎటు మొగ్గాలో దాన్ని పట్టుకున్న చెయ్యి తేలుస్తుంది, పళ్ళెంలో ఉన్న వస్తువు కాదు.

కానీ మొన్ననే గిడ్డంగుల సందులో దొంగలు పడి కాపలావాణ్ణి చితకబాదారు. వీధికి రక్షణ కావాలన్నది మాత్రం అబద్ధం కాదు. పైగా ఆమె ఔననేలోపే కొట్టు వెనక కొలిమి దగ్గర్నుంచి ఆమె తమ్ముడు కూర్మనాథం ఔననేశాడు.

“ఎన్ని కావాల ఊ సోయ్ విన్?”

“ఏడు.”

“నాల్రోజులియ్యండి.”

కూర్మనాథానికి నలభై నాలుగేళ్ళు. ఇద్దరాడపిల్లల తండ్రి. దేశం తలుపులు మూసుకున్న ఇరవయ్యారేళ్ళలో బయటి సరుకు రాక, ఒక వస్తువులోంచి ఇంకో వస్తువు పుట్టించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య అయింది. లారీ కమానులోంచి కత్తి, పంపు కాడలోంచి సుత్తి. అతనికి తెలియని పని ఇనుములో లేదు. అక్షరాల్లో మాత్రం చాలా ఉంది. తొమ్మిదో ఏట కొలిమి ఎక్కాడు. అంతకు ముందు తండ్రి బొగ్గుముక్కతో నేల మీద రాసి నేర్పిన తెలుగు అక్షరాలే అతని చదువు. బర్మా మాట నీళ్ళలా మాట్లాడతాడు, ఒక్క ముక్క చదవలేడు.

“ఒక్క మాట. ప్రతి తుపాకీ మీదా పేట ముద్ర ఉండాలి,” అన్నాడు ఊ సోయ్ విన్. “ముద్ర ఉంటే పేట ఆస్తి, లేకపోతే దొంగ సరుకు.”

“ముద్రేయకుండా మా ఇంట్లో ఏ పనీ గడప దాటదు. ముద్ర లేని పని తండ్రి పేరు సెప్పుకోలేని బిడ్డ లాంటిది,” అన్నాడు కూర్మనాథం. “ఏ ముద్ర?”

“చుట్టూ సున్నా, మధ్యలో బో. బోటాటౌంగ్ అంటే వెయ్యిమంది సేనానులు కదా. బో అంటే సేనాని. ఒక్కో తుపాకీ ఒక్కో సేనాని.”

ఆవులించినా కాగితం మీద రాసుకునే మనిషి, ఆ ఒక్క అక్షరాన్ని రాసివ్వలేదు. బో ఎవరికి తెలియదని?

నాలుగో రోజు మధ్యాహ్నం ఏడు గొట్టం తుపాకీలు కొట్టు అరుగు మీద వరసగా పడుకున్నాయి. ఒక్క దెబ్బకు ఒక్క మోత, హాని కంటే చప్పుడే ఎక్కువ. దొంగల్ని తరమడానికి చప్పుడు చాలు. వీధి వీధంతా వచ్చి చూసింది. ఎదురింటి మ మ్యా మ్యా, వీధి మొగలో మొహింగా పులుసు అమ్మే మనిషి, వంగి ముద్ర చూసి మూతి విరిచింది.

“కూర్మా, నీ చేతిరాత కన్నా మా కోడి గీతలు నయం.”

గుండ్రటి సున్నాలో గుండ్రటి అక్షరం. కమ్మరి రాత కొంచెం వంకరపోయింది అనుకున్నారు అందరూ. ఊ సోయ్ విన్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, “బాగుంది” అన్నాడు. సన్యాసమ్మ కూడా వంగి చూసింది. చూసి, తమ్ముణ్ణి రెక్క పట్టుకుని కొలిమి చాటుకు లాక్కెళ్ళింది.

“ఒరే కూర్మా, ఆ ముద్దరేటిరా?”

“బో.”

“ఏ బో?”

“ఏ బో ఏటప్పా? బోటాటౌంగ్ బో.”

“అది తెలుగు బో రా, ఎర్రి నాగన్నా!”

“ఆయన బో అన్నాడు. నాకొచ్చిన బో నాను కొట్టీసినాను. బర్మా బో అని అన్లేదు కదా.”

“ఈ పేటలో తెలుగు రాత వచ్చినోళ్ళు ఎందరు?”

“నువ్వు, నాను.”

“అందల కమ్మరోడెవడు?”

అతని ముఖంలో నవ్వు ఆగింది.

“అరగదీసీ,” అంది.

“అవ్వదప్పా. లోతుకి కొట్టినాను. అక్కడ అరగదీస్తే గొట్టం పల్సనైపోద్ది. పేల్సినోడి సెయ్యి ఎగిరిపోద్ది. నా సేతి పని మీద అలాటి పాపం ఒద్దు.”

ఊ సోయ్ విన్‌కి చెప్పి చూసింది. ఆయన చాలాసేపు ముద్రను వేలితో తడిమాడు. “దొంగల బెడద తగ్గాక చూద్దాంలే డా సాన్. కంచె లోపలుండేదానికి ఏ భాషైతేనేం?” అన్నాడు. అప్పటికే ఏడుగురూ ఏడూ పట్టుకుని కాపలాకి వెళ్ళిపోయారు.

అప్పట్నుంచి సన్యాసమ్మ రోజూ పొద్దున్నే కాపలా మారే వేళకి కంచె చుట్టూ ఒకసారి తిరిగొచ్చేది. కూరలకని చెప్పేది. ఏడూ కంటబడ్డాకే కూరలు కొనేది. ఏడూ కంచె లోపలుంటే తమ్ముడూ కంచె లోపల భద్రంగా ఉన్నట్టే.

మూడు వారాలు గడిచాయి. తుపాకీలు రెండుసార్లు మోగాయి, దొంగలు మళ్ళీ రాలేదు. సెప్టెంబరు పద్దెనిమిది సాయంత్రం, సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకుందని రేడియో చెప్పింది. ఆ తర్వాత ఊళ్ళో కాల్పుల మోత రెండు రోజులు ఆగలేదు. ఊ సోయ్ విన్ తన ప్రకటనను గోడ మీంచి గీకి మ మ్యా పొయ్యిలో వేశాడు. తుపాకీలు నదిలో పడేయమన్నాడు. ఆరు పడ్డాయి. ఏడోది పడమటి కంచె దగ్గరుంది. లారీ వచ్చి కంచెను గుద్దగానే కాపలావాడు దాన్ని వదిలేసి గోడ దూకాడు. మనిషి దక్కాడు, తుపాకీ సైన్యానికి దొరికింది.

మర్నాడు పొద్దున్నే మ మ్యా తడిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ కొట్లోకి వచ్చింది.

“డా సాన్, వాళ్ళు ఆ తుపాకీ పట్టుకుని వీధి వీధీ తిరుగుతున్నారు. ముద్ర చూపించి ఇది ఎవరి రాత అని అడుగుతున్నారు. చేసినవాడు దొరికితే...” అని తమలపాకు నమలడం ఆపింది.

“ఎక్కడిదాకా వచ్చినారు?”

“నాలుగు వీధుల అవతల. రేపో ఎల్లుండో ఇక్కడికి.”

కూర్మనాథం అప్పటికే తువ్వాలులో రెండు పంచెలు మూటకడుతున్నాడు. “ఎలిపోతానప్పా. పడవెక్కి అవతలొడ్డుకి ఎలిపోతాను.”

“ఎల్లు. నువ్వెల్లిన గడియకి ముద్దరకి మనిషి దొరికినట్టే. పారిపోయినోడే సేసినోడని పసిపిల్లలకి కూడా తెలుసు. ఆనక నీ పిల్లల్ని తీసుకెల్లి కూకోబెడతారు, నువ్వొచ్చీదాకా. మూట ఇప్పు.”

ఆమె అరుగు మీద కూచుంది. వాన పడుతోంది. భయపడాలంటే తీరిక కావాలి, ఆమెకు అది లేదు. ఉన్నది ఒక ముద్ర. అది ఒక మనిషిని చూపిస్తోంది. ముద్రను వాళ్ళ చేతిలోంచి లాక్కోలేదు. మనిషిని దాచలేదు. దాచలేని సరుకును వ్యాపారి ఏం చేస్తాడు? పంచేస్తాడు. ఒక్క ఇంట్లో దొరికిన కొత్త గిన్నె దొంగిలించినది. ఇంటింటా ఉన్న గిన్నె సంతలో కొన్నది.

“కూర్మా, ఆ ముద్దర కొట్టిన సీల ఉన్నాదా, పారేసినావా?”

“ఉన్నాది.”

“సుత్తి పట్టుకుని నా ఎనకాల్రా.”

మొదటి దెబ్బ సొంత కొట్టు తలుపు గడియ మీద పడింది. రెండోది ఆమె కూచునే ఇనప కుర్చీ కాలు మీద. ఆ తర్వాత వీధి. మ మ్యాకి దాపరికం లేకుండా చెప్పింది. మ మ్యా ఒక్క క్షణం నోరు తెరిచి, “నా పొయ్యి మీద కొట్టించు ముందు” అంది. “అరవై ఏళ్ళ పొయ్యి అది. నాకంటే దాన్నే ఎక్కువ నమ్ముతారు.”

బావి గిలక, నీళ్ళ పంపు, మంచం కోడు, గొడుగులు బాగుచేసే మనిషి దాకలి దిమ్మ, కిటికీ చువ్వ, కూరగాయల బండి ఇరుసు. సన్యాసమ్మ ముందు నడిచి చూపిస్తుంది, కూర్మనాథం ఒక్క దెబ్బ కొడతాడు.

“దీని మీదొద్దు,” అంటుంది ఒకోచోట.

“ఏం?”

“అన్నిటి మీదా ఉంటే అబద్దంరా. మూడింట్లో ఒకదాని మీద ఉంటే అలవాటు. ఇదిగో, దీని మీద సగవే పడాల, అరిగిపోయినట్టు. దాని మీద కిందకి కొట్టు, మనిషి పడుకుంటే గానీ కనబడకూడదు. పాత ముద్దర ఎప్పుడేనా నీకు ఎదురొచ్చి దండం ఎట్టిందేటి?”

తూకం రాళ్ళ మీద మాత్రం కొట్టనివ్వలేదు. సర్కారు గుర్తున్న రాయి మీద ఇంకో గుర్తు వేయడం ఆమె వల్ల కాదు. ప్రాణం మీదికి వచ్చినా కాదు.

కొత్త ముద్ర మెరుస్తుంది. దానికి మందు మ మ్యా దగ్గరే దొరికింది. ఉప్పు చేపలు ఊరి ముద్దయ్యే ఙాపి కుండలో అడుగున నిలిచే ఊట. గుడ్డ ముంచి ప్రతి ముద్ర మీదా రాసింది. వాన, ఉప్పు కలిస్తే ఇనుము ఒక్క రోజులో ముప్పై ఏళ్ళు ముసలిదవుతుంది. వీధంతా కంపు. ముక్కు మూసుకున్నవాళ్ళను మ మ్యా తిట్టింది: “రోజూ అన్నంలో కలుపుకు తింటారు, ఇప్పుడు ముక్కులు పుట్టుకొచ్చాయా?”

ఊ సోయ్ విన్ ఇంటికి వెళ్ళేసరికి ఆయన తెల్ల చొక్కా తొడుక్కుని కూచున్నాడు. “నేనే వెళ్ళి చెప్పేస్తాను డా సాన్. చేయమన్నది నేను. చట్టం చెప్పింది నేను.”

“మీరు సెప్తే ఇద్దరు పోతారు. ఎవుడూ మిగల్డు. లెగండి, ఆ మంచం మీంచి లెగండి. కోడు కావాల.”

ఆయన లేచి నిలబడ్డాడు. కూర్మనాథం కొట్టిన దెబ్బకు మంచం అదిరింది. “వాళ్ళడిగితే ఏమని చెప్పాలి?” అన్నాడు ఆయన.

“మా నాన్న బొగ్గు రేవులో మోసినాడు. యుద్దంలో ఆ రేవు కూలిపోయింది. ఆ ఇనుమంతా పాత సామాను కింద పేటలోకి వచ్చింది. తెలుగు కూలోళ్ళు రేవు సామాను మీద ఏసుకున్న గుర్తు అది. బొగ్గుకి బొ. మీకు తెలిసింది అంతే. మంచం సంతలో కొన్నారు.”

బయటికి వచ్చాక కూర్మనాథం ఆగిపోయాడు. “అప్పా.”

“ఏటి?”

“బొగ్గుకి దీర్గం ఉండదు కదా. నాను కొట్టింది బో. దీర్గంతోటి.”

ఆ మాట నిజం. అప్పటికే పదిహేను ముద్రలు పడ్డాయి. వాళ్ళ దగ్గరున్న తుపాకీ మీదా దీర్ఘమే. వెనక్కి తిరిగే దారి లేదు.

“దీర్గం సూసీ కళ్ళు ఈ ఊళ్ళో ఎవుడికున్నాయిరా? కొట్టు,” అంది.

సాయంత్రం బయట తిరగకూడదన్న వేళ అయ్యేలోపు పని ముగిసింది. ముద్ర చీలను నదిలో పారేస్తానన్నాడు కూర్మనాథం. వద్దంది. నీళ్ళు పోటుకి ఏం తెచ్చి ఒడ్డున పడేస్తాయో ఎవరికీ తెలియదు. కొలిమిలో పెట్టి ఉలిగా సాగగొట్టించింది.

రెండో రోజు పొద్దెక్కాక వాళ్ళు వచ్చారు. ఒక కెప్టెన్, ఇద్దరు సిపాయిలు. వాళ్ళతో చంకలో గొడుగు పెట్టుకున్న ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు. కెప్టెన్ కుర్రవాడు, కళ్ళు నిద్ర లేక ఎర్రబడ్డాయి. తుపాకీని సన్యాసమ్మ ముందు బల్ల మీద పెట్టాడు.

“ఇది మీ ఇండియావాళ్ళ రాత అంటున్నారు. నీదేనా ఈ భాష?”

సన్యాసమ్మ వంగి, తీరిగ్గా చూసింది. సైన్యం అధికారిని అక్కడ బోజీ, పెద్ద సేనాని, అంటారు. “మాదే బోజీ. తెలుగు. ఇది బొగ్గు రేవు ముద్దర కదా.”

కెప్టెన్ ఇలాంటి జవాబు అనుకోలేదు. ఇన్ని వీధుల్లో అందరూ తెలీదనే చెప్పారు. సన్యాసమ్మ అదే ఎత్తున తండ్రి కథ, రేవు కథ చెప్పి, తన కుర్చీని పక్కకి వాల్చి కాలు చూపించింది. గడియ చూపించింది. “ఈ ఈదిలో ఎక్కడేనా ఎతకండి. ఉన్నచోట ఉంటాది, లేనిచోట ఉండదు.”

సిపాయిలు వీధిలోకి వెళ్ళారు. కెప్టెన్ కొలిమి వైపు తల ఊపాడు. “వెనక కమ్మరి ఎవరు?”

“నా తమ్ముడు. గంటెలు, గడియలు సేస్తాడు. ఒరే కూర్మా, ఇలగ రా, బోజీకి దండం ఎట్టు.”

కూర్మనాథం మసి చేతులతో వచ్చి నిలబడ్డాడు. దాక్కోని మనిషిని చూసి ఏమడగాలో కెప్టెన్‌కి వెంటనే తోచలేదు. ఈలోగా సిపాయిలు తిరిగొచ్చారు. బావి గిలక మీద ఉంది. పొయ్యి మీద ఉంది, పొయ్యి ఆవిడ తిట్టింది. ఒక ముసలాయన మంచం మీద ఉంది. బండి చక్రం మీద లేదు. పంపు మీద ఉంది గానీ సగం అరిగింది.

“తూకం రాళ్ళ మీద లేదేం?” అన్నాడు కెప్టెన్.

“అయి సర్కారువి బోజీ. రేవువి కావు.”

కెప్టెన్ గొడుగు మనిషి వైపు తిరిగాడు. “వేణుబాబూ, నువ్వు చదువు.”

సన్యాసమ్మ అప్పుడు చూసింది అతన్ని సరిగ్గా. టౌన్‌షిప్ ఆఫీసులో గుమాస్తా. తల్లి బర్మా మనిషి, తండ్రి తెలుగువాడు. ముఖంలో ఇద్దరూ ఉన్నారు. అతను తుపాకీని వెలుతురుకి తిప్పి, అక్షరం చుట్టూ వేలు పోనిచ్చాడు. వేలు పైన మెలిక దగ్గరకు వెళ్ళి ఆగింది. దీర్ఘం మీద ఆగింది.

“అత్తా,” అన్నాడు తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ. “దీర్గం ఉంది కదా. మా బామ్మ నేర్పింది. బొగ్గుకి... చిన్నది.”

ఈ ఊళ్ళో దీర్ఘం చూసే కళ్ళు ఒక్క జతే ఉంటే, అవి నడిచి ఆమె కొట్టుకే వచ్చాయి. ఆమె నవ్వింది, బేరంలో సరుకు లోపం ఎదుటివాడు పట్టుకున్నప్పుడు నవ్వే నవ్వు.

“మీ బామ్మ సదువుకున్నాది బాబూ. బొగ్గు మోసినోళ్ళు సదువుకోలేదు. తట్ట నెత్తిమీదుంటే మాట సాగిపోద్ది. బో...గ్గో, బో...గ్గో అనుకుంటా మోసీవోళ్ళు. ఎలగ అన్నారో అలగే రాసీసినారు.”

“ఏమంటోంది?” అన్నాడు కెప్టెన్.

వేణుబాబు తుపాకీని బల్ల మీద పెట్టాడు. “బొగ్గే అంటోంది బోజీ. కూలీల రాత, తప్పులతో ఉంది.”

“సరే. రేవు ఇనుమే. అమ్మింది నువ్వే కదా? ఈ గొట్టం ఎవరికి అమ్మావు?”

ఈ ప్రశ్న వస్తుందని సన్యాసమ్మకు తెలుసు. తమ్ముడి మీంచి తీసిన బరువు తన మీదే పడుతుందని కూడా తెలుసు. చేసినవాడికి పడే శిక్ష వేరు, అమ్మినదానికి పడే చీవాట్లు వేరు. “ఉప్పు అమ్మినదాన్ని, ఏ ఇంటి కూరలో ఏసినారని అడిగితే ఏటి సెప్పను బోజీ? ఆ రేవు ఇనుము నా దగ్గర కొననోళ్ళెవరు? మీ ఆఫీసు కిటికీ ఊచలు కూడా ఆ ఇనుమే. ఈ బాబు రోజూ దాని పక్కనే కూకుంటాడు, అడగండి.”

నోరు దాటాక గాని ఆమెకు తెలియలేదు. ఆ రెండు రోజుల్లో లెక్క చూడకుండా ఆమె అన్న మాట అదొక్కటే. ఆ ఆఫీసులో ఆమె ఏనాడూ అడుగు పెట్టలేదు.

కెప్టెన్ వేణుబాబు వంక చూశాడు. “ముద్ర ఉందా?”

వేణుబాబు గొడుగును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. కూర్మనాథాన్ని చూశాడు. మసి చేతుల్ని చూశాడు.

“ఉంది బోజీ,” అన్నాడు. “నా బల్ల పక్కన. మూడో ఊచ, కింద.”

కెప్టెన్ తుపాకీ తీసి సిపాయికి ఇచ్చాడు. “రేపు పొద్దున ఆఫీసుకొచ్చి చూస్తాను. నువ్వు పాత గొట్టాలు అమ్మడం ఇవాళ్టితో ఆపు,” అని చెప్పి వానలోకి దిగాడు. సిపాయిలు వెంట నడిచారు.

వేణుబాబు గొడుగు విప్పడానికి అరుగు మీద ఆగాడు. గొడుగు విప్పడానికి అంతసేపు పట్టదు.

“అత్తా, మా తాత కూడా బొగ్గు రేవే. సన్యాసి మేస్త్రీ,” అన్నాడు నెమ్మదిగా. “అక్కడ ఇనుముకి ముద్ర లేదు. మనుషులకే ఉండేది, బుజం మీద. బరువుకి కాసిన కాయ.”

సన్యాసమ్మ పక్కకి వాల్చిన కుర్చీని లేపి నిలబెట్టింది.

“మా కిటికీ ఊచ ఒకటి ఊగుతున్నాది. మజ్జానం బోజీ లత పేట వైపు ఎల్తాడు. కమ్మరోణ్ణి ఎవుణ్ణేనా పంపు. రిపేరు అని నాను రాసుకుంటాను. మూడోది. కింద,” అని వీధిలోకి దిగిపోయాడు.

ఆమె లోపలికి తిరిగేసరికి కూర్మనాథం కొలిమి ముందు కూలబడి ఉన్నాడు. ఉలిని రెండు చేతులా పట్టుకుని చూస్తున్నాడు, నిన్నటిదాకా ముద్ర చీలగా ఉన్న ఉలి.

“సాగగొట్టించీసినావు కదప్పా! ఇప్పుడేటి కొట్టను?”

“మల్లీ సెక్కు. మజ్జానానికి ఇంకా మూడు గంటలున్నాది. ఏడుస్తావేటి, నిప్పు రాజెయ్యి. సర్కారు కిటికీకి మన పేట ముద్దర కొట్టీ రోజు మన ఊ సోయ్ విన్ కలలో కూడా లేదు.”

తిత్తి ఊపిరి పోసుకుంది. ఇనుము ఎర్రబడింది. కూర్మనాథం సన్న ఉలి తీసి, అక్షరాన్ని తిరగేసి గీసుకుంటూ, పైన మెలిక దగ్గరకు రాగానే తలెత్తాడు.

“అప్పా, ఎలాగూ కొత్తది సెక్కుతున్నాను కదా. ఆ దీర్గం తీసీమంటావా? బొగ్గుకి సరిపోద్ది.”

“ఒద్దురా నాయనా. తప్పు అన్నిచోట్లా ఒక్కలాగే ఉండాల. ఒక్కచోట దిద్దినావా, మిగతాయన్నీ సాచ్చికానికి లెగుస్తాయి.”

అతను నవ్వి, దీర్ఘాన్ని కూడా చెక్కడం మొదలుపెట్టాడు. సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చి వీధి మొగ వైపు కేకేసింది.

“ఓ మ మ్యా! ఙాపి ఊట ఇంకా మిగిలిందా? ఒక సిన్న సీసాడు కావాల. గట్టి మూత ఉన్న సీసా సూడు, ఆఫీసుకి ఎల్లాల!”